తండ్రి మాట... కొడుకు బాట

తండ్రి మాట కాదన్న కొడుకుల కథలు మన ఇళ్లలో కొత్తవి కావు. చదువు విషయంలోనో, ఉద్యోగం విషయంలోనో, పెళ్లి విషయంలోనో తండ్రి ఒకటి తలుస్తాడు, కొడుకు మరొకటి తలుస్తాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే. అయినా మధ్యలో గోడ లేస్తుంది. అలాంటి గోడ దాటి ఇల్లు విడిచి వెళ్లిన ఒక లక్నో కుర్రాడు, ఇరవై మూడేళ్ల తర్వాత అలాంటి తండ్రీకొడుకుల కథకే సంగీతం సమకూర్చాడు. ఆ కుర్రాడి పేరు నౌషాద్ అలీ. ఆ చిత్రం మొగలే ఆజమ్.

అక్బర్ చక్రవర్తికి, యువరాజు సలీంకు మధ్య అనార్కలి కారణంగా వచ్చిన సంఘర్షణ ఆ చిత్రకథ. 1960 ఆగస్టు 5, శుక్రవారం నాడు బొంబాయిలోని మరాఠా మందిర్‌తో పాటు దేశంలోని దాదాపు 150 థియేటర్లలో అది విడుదలయింది. తాతల కాలం నుంచి మనవల కాలం దాకా ఆ పాటలు మన ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. ఆ సంగీతం వెనుక ఉన్న మనిషి జీవితాన్ని మాత్రం మనం అంతగా తెలుసుకోలేదు. ఈ వారం ఆ జీవితాన్ని నెమరు వేసుకుందాం.

లక్నోలో బాల్యం

నౌషాద్ అలీ 1919 డిసెంబరులో లక్నోలో జన్మించారు. తండ్రి వాహిద్ అలీ కోర్టులో మున్షీగా పనిచేసేవారు. అది మర్యాదలు పాటించే, నమాజు రోజాలు తప్పని మధ్యతరగతి ముస్లిం కుటుంబం. ఆ కాలంలో అలాంటి ఇళ్లలో పాటలు పాడటం, వాద్యాలు వాయించడం గౌరవమైన పని కాదనే అభిప్రాయం బలంగా ఉండేది.

అయితే లక్నోకు కొద్ది దూరంలోనే, బారాబంకీ జిల్లాలో దేవా షరీఫ్ ఉంది. హజరత్ హాజీ వారిస్ అలీ షా దర్గా అక్కడే. అక్కడ ఏటా జరిగే ఉత్సవానికి ఎక్కడెక్కడి నుంచో ఖవ్వాలులు, గాయకులు వచ్చేవారు. చిన్ననాటి నౌషాద్ అక్కడ ఖవ్వాలీ వింటూ రాత్రులు గడిపారు. ఆ పిల్లవాడికి సంగీతం మొదట పరిచయమయింది దర్గా ముంగిట్లోనే. తర్వాతి కాలంలో ఆయన కట్టిన ఎన్నో బాణీల్లో ఆ ముంగిలి గాలి తగులుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఆయన్ని ఆకర్షించింది మూగ సినిమా. అప్పట్లో తెర మీద బొమ్మ కదులుతుంటే తెర ముందు కూర్చున్న వాద్యకారులు హార్మోనియం, తబలా, సితార్, వయొలిన్ వంటివి వాయించేవారు. తెర మీద కథానాయిక ఏడిస్తే ఒక రకంగా, గుర్రాలు పరుగెత్తితే మరో రకంగా వాయించాలి. లక్నోలోని రాయల్ థియేటర్లో నౌషాద్ బొమ్మతో పాటు ఆ వాద్యకారులనూ చూసేవారు. మాట లేని చోట సంగీతమే మాట్లాడాలన్న పాఠం ఆయనకు అక్కడ అబ్బింది.

ఊళ్లో వాద్యాలు అమ్మే దుకాణం ఒకటి ఉండేది. అక్కడ పనికి కుదిరి, హార్మోనియంలకు మరమ్మతులు చేయడం నేర్చుకున్నారు. ఉస్తాద్ గుర్బత్ అలీ, ఉస్తాద్ యూసుఫ్ అలీ, ఉస్తాద్ బబ్బన్ సాహెబ్ వంటి వారి వద్ద శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. ఇదంతా ఇంట్లో తెలియకుండా సాగింది. తెలిసిన రోజున పెద్ద గొడవే అయింది. ఇల్లు కావాలో సంగీతం కావాలో తేల్చుకోమని తండ్రి ఖండితంగా చెప్పేశారు. 1937లో ఆ కుర్రాడు సంగీతాన్నే ఎంచుకుని బొంబాయి రైలు ఎక్కాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఇక్కడ మనం తండ్రిని తప్పు పట్టడం సులభం. కాని ఆలోచిస్తే ఆయన భయం మనకు అర్థమవుతుంది. కొడుకు దీన్ నుంచి దూరమవుతాడేమో, పూట గడవని బతుకులో పడతాడేమో, నలుగురిలో తలదించుకోవలసి వస్తుందేమోనన్న భయం అది. సంగీతం విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. దాన్ని అసలే కూడదనే వారున్నారు. చిష్తీ బుజుర్గుల సమా మహఫిల్‌లను చూపించి, హద్దుల్లో ఉంటే తప్పు లేదనే వారూ ఉన్నారు. ఆ తీర్పు చెప్పేంత వారం మేము కాము. తండ్రి కోపం వెనుక ప్రేమ ఉందని, కొడుకు మొండితనం వెనుక తపన ఉందని మాత్రమే మేము చెప్పదలచుకున్నది.

దాదర్ ఫుట్‌పాత్ మీద

బొంబాయిలో మొదట కొద్ది రోజులు కొలాబాలో తెలిసిన లక్నో వాసి ఇంట్లో తలదాచుకున్నారు. తర్వాత దాదర్ చేరారు. అక్కడ బ్రాడ్‌వే థియేటరుకు ఎదురుగా ఉన్న ఫుట్‌పాత్ మీద ఎన్నో రాత్రులు పడుకున్నారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం, రాత్రికి అక్కడికే వచ్చి చేరడం. ఎదురుగా థియేటరు దీపాలు వెలుగుతుండేవి. లోపల నుంచి పాటలు వినిపించేవి.

చివరికి ఉస్తాద్ ఝండే ఖాన్ దగ్గర నెలకు 40 రూపాయల జీతానికి సహాయకుడిగా కుదిరారు. పియానో వాయించడంలో ఆయన నేర్పు అక్కడ పనికివచ్చింది. ఆ తర్వాత సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్ ఆయన్ని చేరదీశారు. నౌషాద్ జీవితాంతం ఆయన్ని తన గురువుల్లో ఒకరిగా తలచుకున్నారు. 1940లో ప్రేమ్ నగర్ చిత్రానికి మొదటిసారి స్వతంత్రంగా సంగీతం అందించారు. 1942లో వచ్చిన శారదా చిత్రంలో పదమూడేళ్ల సురయ్యా చేత పాడించారు. 1944లో వచ్చిన రత్తన్ చిత్రం ఆయన పేరును దేశమంతటా చాటింది. ఆ పాటలు గల్లీ గల్లీలో మారుమోగాయి. ఒక్కో చిత్రానికి ఆయన పారితోషికం 25 వేల రూపాయల దాకా వెళ్లింది. ఏడేళ్ల కిందట నెలకు 40 రూపాయలతో మొదలైన బతుకు అది.

1952లో బైజూ బావరా విడుదలయింది. ఆ చిత్రం ప్రదర్శన బ్రాడ్‌వే థియేటరులోనే ఏర్పాటయింది. ఆ రోజు నౌషాద్ థియేటరు పైనుంచి ఎదుటి ఫుట్‌పాత్‌ను చూసి కన్నీళ్లు పెట్టుకున్నారట. కారణం అడిగితే, ఈ రోడ్డు ఆ పక్క నుంచి ఈ పక్కకు దాటడానికి తనకు పదహారేళ్లు పట్టిందని చెప్పారట. ఈ సంఘటన ఆయన గురించి చెప్పుకునే వారందరి నోటా వినిపిస్తుంది. నిరుద్యోగంతో నిరాశపడే మన యువకులు దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

దర్జీ పెళ్లికొడుకు

రత్తన్ పాటలు ఊరూరా మోగుతున్న రోజుల్లోనే ఆయన నికా జరిగింది. వియ్యాలవారు కూడా సంప్రదాయాన్ని పట్టుకున్న కుటుంబమే. అబ్బాయి సినిమాలకు సంగీతం కడతాడని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఇంట్లో వారికి భయం. అందుకని అబ్బాయి బొంబాయిలో దర్జీ పని చేస్తాడని చెప్పారు. బారాత్ బయలుదేరింది. బ్యాండు మేళం వారు జనానికి నచ్చే పాటలు ఎత్తుకున్నారు. అవన్నీ రత్తన్ పాటలే! ఇలాంటి పాటలే కుర్రకారును చెడగొడుతున్నాయని పెద్దలు విసుక్కుంటుంటే, వాటిని కట్టిన పెళ్లికొడుకు సెహ్రా చాటున మౌనంగా కూర్చున్నాడు.

ఈ కథ విన్నవారు నవ్వుతారు. కాని దాని లోపల ఉన్న బాధ చిన్నది కాదు. దేశమంతా మెచ్చుకున్న పని సొంత ఇంట్లో చెప్పుకోలేని పనిగా మిగిలింది. దర్జీ పని గౌరవమైనదే. అయినా తాను కాని పేరుతో, తన శుభదినాన, తనవారి మధ్య కూర్చోవలసి రావడం ఎవరికైనా కష్టమే.

మొగలే ఆజమ్ పుట్టుక

ఇక మొగలే ఆజమ్ సంగతికి వద్దాం. దర్శకుడు కె. ఆసిఫ్ ఈ చిత్రాన్ని 1940లలోనే మొదలుపెట్టారు. అప్పుడు అక్బర్‌గా చంద్రమోహన్, అనార్కలిగా నర్గీస్ నటించవలసి ఉంది. సంగీతం అనిల్ బిశ్వాస్. అంతలో దేశ విభజన జరిగింది. పెట్టుబడి పెట్టిన షిరాజ్ అలీ హకీమ్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1949లో చంద్రమోహన్ మరణించారు. చిత్రం ఆగిపోయింది. తర్వాత షాపూర్జీ పల్లోంజీ పెట్టుబడితో మళ్లీ మొదలయింది. ఈసారి అక్బర్ పృథ్వీరాజ్ కపూర్, సలీం దిలీప్ కుమార్, అనార్కలి మధుబాల, జోధాబాయి దుర్గా ఖోటే. సంగీతం నౌషాద్. పాటల రచన షకీల్ బదాయూనీ.

ఆ చిత్రానికి దేశం నలుమూలల పనివారూ చెయ్యి వేశారు. దుస్తులు కుట్టడానికి ఢిల్లీ దర్జీలు వచ్చారు. నగలు చేసింది మన హైదరాబాదు కంసాలులు. ఆయుధాలు రాజస్థాన్ కమ్మరులవి. పాదరక్షలు ఆగ్రావి.

నౌషాద్‌ను ఒప్పించడానికి ఆసిఫ్ వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గది. నోట్ల కట్టలున్న పెట్టె తెచ్చి హార్మోనియం దగ్గర పడేసి, కలకాలం నిలిచే సంగీతం కావాలన్నారట. డబ్బు చూపి సంగీతం అడగడం నౌషాద్‌కు అవమానంగా తోచింది. ఆ నోట్లు తీసి కిటికీలోంచి విసిరేశారట. ఇంటి ఇల్లాలు నెమ్మదిగా కల్పించుకుని ఇద్దరినీ శాంతపరిచారు. ఆసిఫ్ క్షమాపణ చెప్పుకున్న తర్వాతే పని మొదలయింది. ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి డబ్బు విలువ తెలియక చేసిన పని కాదిది. దేనికి వెల కట్టవచ్చో, దేనికి కట్టకూడదో తెలిసి చేసిన పని.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. అనార్కలి కథకు చరిత్రలో గట్టి ఆధారం లేదు. అక్బర్‌నామాలో గాని, జహంగీర్ తన గురించి తాను రాసుకున్న గ్రంథంలో గాని ఆమె ప్రస్తావన కనిపించదు. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన నాటకం ఈ కథకు ప్రాచుర్యం తెచ్చింది. అయితే యువరాజు సలీం 1599లో తండ్రి మీద తిరగబడటం, కొన్నేళ్ల పాటు వారి మధ్య వైరం నడవడం చరిత్ర ఒప్పుకున్న విషయం. కథ కల్పితం కావచ్చు గాని తండ్రీకొడుకుల మధ్య రగిలిన మంట నిజమే. నౌషాద్ సంగీతం ఆ మంటనే పట్టుకుంది.

వాద్యాలు చెప్పిన కథ

అప్పటికే నౌషాద్ వాద్యబృందాల మీద మంచి పట్టు సాధించి ఉన్నారు. 1952 నాటి ఆన్ చిత్రానికి వంద మంది వాద్యకారులను కూర్చోబెట్టారు. గొంతును వేరుగా, వాద్యాలను వేరుగా రికార్డు చేసి కలిపే పద్ధతిని మన దేశంలో ముందుగా వాడిన వారిలో ఆయన ఒకరు. వేణువుతో క్లారినెట్‌ను, సితార్‌తో మాండొలిన్‌ను జోడించారు. వయొలిన్ల గుంపును పాశ్చాత్యుల నుంచి తీసుకున్నా వాటి చేత మన రాగాలనే పలికించారు. పాటలు కట్టి ఊరుకోకుండా, మాటల వెనుక వినిపించే నేపథ్య సంగీతం మీద కూడా అంతే శ్రద్ధ పెట్టారు. రాయల్ థియేటరులో నేర్చిన పాఠాన్ని ఆయన మరచిపోలేదు.

మొగలే ఆజమ్‌లో మనం చెవి పెట్టి వింటే రెండు లోకాలు వినిపిస్తాయి. ఒకటి తండ్రి లోకం. దర్బారు, సైన్యం, యుద్ధం, ఆజ్ఞ. అక్కడ నగారాలు, బాకాలు, బరువైన వాద్యాల హోరు. మరొకటి కొడుకు లోకం. తోట, వెన్నెల, చాటుమాటు చూపులు. అక్కడ తీగ వాద్యాలు సన్నగా మొదలై అల మీద అలగా లేచి మళ్లీ సద్దుమణుగుతాయి. ఇంకా గమనించదగ్గది మరొకటి ఉంది. తండ్రి సంగీతాన్ని నౌషాద్ దుర్మార్గుడి సంగీతంగా కట్టలేదు. అందులో గాంభీర్యం ఉంది, దుఃఖం కూడా ఉంది. బిడ్డ కోసం మండుటెండలో చెప్పులు లేకుండా దర్గాకు నడిచి వెళ్లిన తండ్రిగా చిత్రం మొదట్లోనే అక్బర్‌ను చూస్తాం. ఆ బిడ్డనే తర్వాత శిక్షించవలసి వచ్చినప్పుడు ఆ తండ్రి గుండె ఎంత కోతకు గురయిందో సంగీతం మనకు చెబుతుంది. ఇల్లు విడిచి వచ్చిన కొడుకు కట్టిన సంగీతం ఇది. అయినా తండ్రి పక్షాన కూడా అది న్యాయంగా నిలబడింది.

ఈకతో అనార్కలి మోమును సలీం తాకే దృశ్యం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ మాటలు దాదాపు లేవు. దూరం నుంచి తాన్‌సేన్ గానం వినిపిస్తుంది. ఆ గొంతు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ది. సినిమాలకు పాడటం ఆయనకు ఇష్టం లేదు. వదిలించుకోవడానికి ఒక్కో పాటకు 25 వేల రూపాయలు అడిగారు. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ వంటి వారికే అప్పట్లో పాటకు అయిదు వందల లోపు ఇచ్చేవారు. ఆసిఫ్ ఆ మొత్తానికి సరే అనేశారు. సోహ్నీ రాగంలో ఖాన్ సాహెబ్ పాడుతుంటే నౌషాద్ వాద్యబృందాన్ని బాగా వెనక్కు తగ్గించారు. తనకంటే పెద్ద గొంతు వినిపిస్తున్నప్పుడు తాను తగ్గి ఉండటం కూడా సంస్కారమే.

అద్దాల మహల్ పాట కథ వేరు. ఆ మహల్ సెట్టు 150 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు. కట్టడానికి రెండేళ్లు పట్టింది. ఆ ఒక్క పాటకే పది లక్షల రూపాయలు ఖర్చయింది. నలుపు తెలుపు చిత్రంలో ఆ పాటను రంగుల్లో తీశారు. ఆ పాట పల్లవి కోసం షకీల్, నౌషాద్ ఇద్దరూ ఒక రాత్రంతా మేలుకున్నారు. షకీల్ రాయడం, నచ్చక కొట్టివేయడం, మళ్లీ రాయడం. తెల్లవారుతుండగా సరైన మాట దొరికింది. అనార్కలి గొంతు మహల్ నలుమూలలా ప్రతిధ్వనించాలి. ఆనాడు అలాంటి ధ్వనిని పుట్టించే యంత్రాలు లేవు. అందుకని లతాజీ చేత స్టూడియో స్నానాల గదిలో పాడించి ఆ ప్రతిధ్వని రాబట్టారని చెప్పుకుంటారు. తెర మీద వేల అద్దాల్లో ఆమె ప్రతిబింబం కనిపిస్తుంది. ఆ వేల ప్రతిబింబాలు చెవికి కూడా వినిపించేలా చేయడం నౌషాద్ పనితనం.

సలీంను ఫిరంగి ఎదుట నిలబెట్టినప్పుడు శిల్పి పాడే పాటలో మహమ్మద్ రఫీతో పాటు వంద మంది గొంతు కలిపారు. మొదట ఒక్కడి ఎలుగు. తర్వాత ఊరంతటి ఎలుగు. చక్రవర్తి ఆజ్ఞకు ఎదురుగా నిలబడింది వాద్యాల బలం కాదు, జనం గొంతు అన్నట్టుగా ఆ పాట సాగుతుంది.

సంకెళ్లలో నాత్

ఇన్ని హంగుల మధ్య మా మనసును అన్నిటికన్నా ఎక్కువగా తాకేది ఒక చిన్న పాట. చెరసాలలో ఇనుప సంకెళ్ల బరువు కింద కూలబడి అనార్కలి నాత్ పాడుతుంది. మదీనా వైపు మనసు తిప్పుకుని, దిక్కులేని తన మీద దయ చూపమని మొరపెట్టుకుంటుంది. కేదార్ రాగంలో కట్టిన ఆ పాటలో ఆర్భాటం లేదు. మహల్ పాటలో వేల అద్దాలు పలికితే ఇక్కడ ఒక్క గుండె మాత్రమే పలుకుతుంది. రాజు దగ్గర న్యాయం దొరకని మనిషి ఏ వాకిలి ముందు నిలబడతాడో ఆ పాట చెబుతుంది. దేవా షరీఫ్ ముంగిట్లో కూర్చుని విన్న పిల్లవాడు ఆ పాటలో మళ్లీ కనిపిస్తాడు. మధుబాల అప్పటికే గుండె జబ్బుతో బాధపడుతున్నారు. అయినా నిజమైన ఇనుప గొలుసులు మోస్తూ నటించారు. 1969లో 36 ఏళ్లకే ఆమె కన్నుమూశారు.

అదే చిత్రంలో, అదే కోటలో, జన్మాష్టమి వేడుకకు అదే అనార్కలి కృష్ణుడి మీద పాట పాడుతూ నాట్యం చేస్తుంది. ఆ పాటను కూడా నౌషాద్ నాత్ కట్టినంత శ్రద్ధతోనే గారా రాగంలో కట్టారు. అంతకు ముందు బైజూ బావరాలో మాల్కౌన్స్ రాగంలో వచ్చిన హరి భజనను రాసింది షకీల్, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లింలే. తమ విశ్వాసాన్ని తాము నిలుపుకుంటూనే పొరుగువాడి భక్తిని గౌరవించడం వారికి తెలుసు. ఒకరినొకరు అనుమానంగా చూసుకునే రోజుల్లో ఈ మాట మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉంది.

ఆ కథ మన తెలుగు నేలకూ కొత్త కాదు. 1955లో ఆదినారాయణరావు సంగీతంతో తెలుగు అనార్కలి వచ్చింది. అక్కినేని సలీంగా, అంజలీదేవి అనార్కలిగా, ఎస్వీ రంగారావు అక్బర్‌గా నటించారు. 1979లో ఎన్టీ రామారావు అక్బర్ సలీం అనార్కలి తీసినప్పుడు మహమ్మద్ రఫీ తెలుగులో పాడారు. ఆ ఉర్దూ నుడికారపు గొంతులో తెలుగు పలుకు విని మన ముస్లిం ఇళ్లలో ఎంత మురిసిపోయారో పెద్దలను అడిగితే చెబుతారు.

చివరి రోజులు

అంత గొప్ప సంగీతానికి ఆ సంవత్సరం ఫిలింఫేర్ అవార్డు రాలేదు. అది మరో చిత్రానికి దక్కింది. నౌషాద్‌కు ఆ అవార్డు వచ్చింది ఒక్కసారే, బైజూ బావరాకు. ఆ విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి అవార్డు అదే. తర్వాతి కాలంలో పాటల తీరు మారింది. వేగం పెరిగింది. నౌషాద్ బాణీలు పాతబడ్డాయని అన్నవారున్నారు. ఆయన మాత్రం తన దారి మార్చుకోలేదు. సహచరుడు గులాం మహమ్మద్ 1968లో మరణిస్తే, ఆయన వదిలి వెళ్లిన పాకీజా చిత్రం నేపథ్య సంగీతాన్ని నౌషాద్ పూర్తిచేశారు. 1972లో ఆ చిత్రం విడుదలయింది. స్నేహితుడి పాటలకు తన పేరు తగిలించుకోలేదు.

1981 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు, 1992లో పద్మభూషణ్ ఆయన్ని వరించాయి. ఆయన ఉర్దూ కవి కూడా. సప్తస్వరాలతో జీవించిన ఆ మనిషి తన కవితల సంపుటికి ఎనిమిదో స్వరం అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

2004 నవంబరు 12న మొగలే ఆజమ్ పూర్తి రంగుల్లో మళ్లీ విడుదలయింది. అదీ శుక్రవారమే. పాత గొంతులను అలాగే ఉంచి కొత్త ధ్వని పద్ధతికి తగినట్టు వాద్య సంగీతాన్ని మళ్లీ సిద్ధం చేశారు. నౌషాద్ సాహెబ్ ఆ పనిని చూడటానికి ఉన్నారు. ఆ మరుసటి ఏడాది, 85 ఏళ్ల వయసులో, షాజహాన్ ముంతాజ్‌ల ప్రేమ కథగా వచ్చిన తాజ్ మహల్ చిత్రానికి సంగీతం ఇచ్చారు. అదే ఆయన ఆఖరి చిత్రం. 1946లో సైగల్ పాడిన షాజహాన్ చిత్రానికి సంగీతం ఇచ్చిందీ ఆయనే. ఆరు దశాబ్దాల దూరంలో అదే చక్రవర్తి ఆయన దగ్గరకు మళ్లీ వచ్చినట్టయింది.

2006 మే 5, శుక్రవారం నాడు నౌషాద్ అలీ ముంబైలో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. జుహూలోని ముస్లిం ఖబరస్తాన్‌లో ఆయన్ని ఖననం చేశారు. మధుబాల, మహమ్మద్ రఫీ కూడా అక్కడే నిద్రిస్తున్నారు. ఆ మహల్ పాటను తెర మీద ఆడిన ఆమె, ఆ వంద గొంతుల ముందు నిలబడి పాడిన ఆయన, వాటిని కట్టిన నౌషాద్ ముగ్గురూ చివరికి ఒకే మట్టికి చేరారు. 2010లో కొత్త ఖననాలకు చోటు చాలక ఆ స్థలంలోని మధుబాల, రఫీ సమాధుల కట్టడాలను తొలగించారు. అభిమానులు బాధపడ్డారు. కాని మన దీన్ ప్రకారం సమాధి మీది పాలరాయి శాశ్వతం కాదు. మనిషి వెంట వెళ్లేది ఆమాలే. వెనుక మిగిలేది అతడు చేసిన మంచి పని జ్ఞాపకమే.

మన ఇళ్ల సంగతి

నౌషాద్ జీవితం నుంచి మనం తీసుకోవలసింది ఏమిటి? తండ్రి మాట కాదని ఇల్లు వదిలి వెళ్లమని మేము ఏ కుర్రాడికీ చెప్పడం లేదు. నౌషాద్ ఒక్కడు రోడ్డు దాటాడు గాని, ఆ ఫుట్‌పాత్ మీదే మిగిలిపోయిన వారు ఎందరో లెక్క లేదు. అలాగని బిడ్డ తపనను ఒక్క మాటతో తుంచివేయమని ఏ తండ్రికీ చెప్పడం లేదు. తేల్చుకొమ్మని గడువు పెట్టే ముందు ఒకసారి కూర్చుని, వాడు ఏం చేయాలనుకుంటున్నాడో చివరిదాకా వింటే, ఆ పనిలో హలాల్ ఏదో హరామ్ ఏదో ఇద్దరూ కలిసి ఆలోచిస్తే, చాలా ఇళ్లలో గోడలు లేవవు. పెళ్లి పందిట్లో కొడుకు వృత్తిని దాచిపెట్టవలసిన అవసరమూ రాదు.

కొడుకులకు కూడా ఒక మాట. ఇల్లు వదిలి వెళ్లిన ఆ మనిషి తన ప్రతిభ అంతా పోసి కట్టిన సంగీతంలో తండ్రిని శత్రువుగా చూపలేదు. చక్రవర్తి కిరీటం కింద ఒక తండ్రి కన్నీరు ఉందని వినిపించాడు. మనకు అడ్డుపడిన తండ్రిలో కూడా ఆ కన్నీటిని చూడగలిగితే అదే పెద్ద చదువు.

అల్లాహ్ మరహూమ్ నౌషాద్ అలీ పొరపాట్లను మన్నించి ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. మన ఇళ్లలో తండ్రులకు ఓర్పును, బిడ్డలకు వినయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.